ఉయ్యాల కట్టిన చోటు

హుసేనయ్య పేరు మొక్కు పేరు. తల్లికి ముగ్గురు బిడ్డలు పుట్టినట్టే పుట్టి పోతే, నాలుగోవాణ్ణి నిలబెట్టు సామీ, నీ పేరే పెట్టుకుంటానని ఏఎస్ పేట దర్గాలో కొంగు పరిచి ఏడ్చిందట. నిలబడ్డాడు. అతని భార్య మాలకొండమ్మదీ అంతే, మాలకొండ నరసింహసామి మొక్కు. ఆత్మకూరు నుంచి చేజర్ల పోయే దారిలో చెరువు కింద ఉన్న ఆ గుడిసెల్లో ఎవర్ని కదిలించినా ఇదే వరస. పిల్లలు నిలవకపోతే మొక్కుతారు, నిలిస్తే మొక్కిన చోటి పేరు పెడతారు, ఐదో ఏట అక్కడికే తీసుకుపోయి పుట్టెంట్రుకలు ఇచ్చి వస్తారు. అప్పటిదాకా ఆ తలకు కత్తెర తగలనివ్వరు. మొక్కు తప్పితే ఇచ్చిన దేవుడే వెనక్కి తీసుకుంటాడని భయం. చదువుకున్నవాళ్లు నవ్వితే నవ్వుకోనీ, ఆ భయంతోనే బిడ్డల్ని కళ్లల్లో పెట్టుకుని సాకారు వాళ్లు.

ఈ సంగతి ముందే చెప్పకపోతే హుసేనయ్య మనవరాలి పేరు ఎవరికీ అర్థం కాదు. ఆ పిల్ల పేరు అఖండజోతి. ఏ గుళ్లో దీపమో అనుకునేరు. చమురు బావి మీద మండే మంట అది.

చెరువు ఎండిపోయిన ఏడు గుడిసెలన్నీ ఖాళీ అయ్యాయి. నీళ్లు లేని చెరువులో వల వేసేదెవరు? హుసేనయ్య కూతురు అంజలిని, అల్లుడు రాజును వెంటబెట్టుకుని గోదారి దిగువన చేపల గుంటలకు కాపలా పోయాడు. మాలకొండమ్మ అంతకు ముందే కన్నుమూసింది. అక్కడ పని కష్టమేమీ కాదు. గుంటలో మేత చల్లడం, కొంగల్ని తోలడం, గట్టు మీద గుడిసె వేసుకుని పడుకోవడం. ఆ గట్టుకు ఆనుకుని ముళ్లకంచె, కంచె అవతల చమురు కంపెనీవాళ్ల జాగా. అందులో తాటిచెట్టంత ఇనుప గొట్టం, దాని కొసన మంట. పగలనక రాత్రనక, వాననక గాలనక మండుతూనే ఉంటుంది.

మొదటి రోజు దాన్ని చూసి హుసేనయ్య భుజం మీద తువ్వాలు తీసి దణ్ణం పెట్టాడు. రాజు ఫక్కున నవ్వాడు.

"మామా, అది గ్యాసు మంట. దానికి దణ్ణం ఏంది?"

"గ్యాసైతే ఏందిరా? ఆరకుండా ఉండాదా లేదా? ఆరని దీపానికి దణ్ణం పెట్టకుండా ఇంక దేనికి పెట్టేది?"

ఆ మంట చేసిన మేలు కూడా కళ్లకు కనబడేదే. తక్కిన గట్ల మీద గుడిసెల్లో వానాకాలం వచ్చిందంటే చలిజ్వరాలు. వీళ్ల గట్టు మీద దోమ అనేది వాలేది కాదు. పాము భయం లేదు. కరెంటు లేని లోటు తెలిసేది కాదు. ముసురు పట్టినా ఉతికిన గుడ్డలు సాయంత్రానికి ఆరేవి. ఆరిన గుడ్డల మీద నల్లటి నుసి ఉండేది, నిజమే. అన్నం కుండ మూత మీద జిడ్డుగా మసి పేరుకునేది. కొన్ని పూటలు మురిగిన గుడ్ల కంపు కొట్టి తల దిమ్మెక్కేది. అయితే పొగ వాళ్లకు కొత్తా? పొయ్యి పొగలో పుట్టి పెరిగినవాళ్లు, పురుగు పట్టకుండా వలలకు పొగ పట్టించుకునేవాళ్లు. పొగ మంచిదే అనుకున్నారు. కంపెనీవాళ్లు కంచెకు ఎర్ర అక్షరాలతో బోర్డు కట్టారు, లోపలికి రాకూడదని. మనిషి లోపలికి పోకుండా కంచె వేయడం వచ్చింది మహానుభావులకు. పొగ బయటికి రాకుండా వేసే కంచె మాత్రం చేతకాలేదు. ఈ పొగ పీలిస్తే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు.

అంజలికి పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఒకనాడు హుసేనయ్యే కూతుర్ని కంచె దగ్గరికి తీసుకుపోయి, మంటకు ఎదురుగా ఉన్న రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి మొక్కించాడు. బిడ్డనిస్తే నీ పేరు పెట్టి, ఐదో ఏట పుట్టెంట్రుకలు నీకే ఇస్తామన్నాడు. ఆ ఏడు తిరక్కుండానే ఆమె నీళ్లు పోసుకుంది. ఇంక చెప్పాలా! ఎనిమిదో నెలలోనే కాన్పయినా, పిల్ల పిడికెడంత ఉన్నా, బతికింది. బతికిందంటే అంతా ఆ దీపం చలవే అన్నారు.

పిల్లకు నెల నిండే వేళకు హుసేనయ్య మాలకొండమ్మ తద్దినానికని ఊరికి వచ్చి ఉన్నాడు. తిరిగి వెళ్లేసరికి గుడిసె చూరు కింద, మంట వైపు, పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది. అంజలి తానే దూలం ఎక్కి కట్టింది. "ఈడైతే దోమలుండవు నాయనా, ఎలుగు కూడా ఉంటాది. దాన్ని చూస్తా అదే నిద్రపోతాది," అంది. మంచి చోట కట్టినావు తల్లీ అని మెచ్చుకున్నాడు హుసేనయ్య. ఏడుస్తున్న పిల్ల మంట వైపు తల తిప్పి ఊరుకుంటుంటే తాతా తల్లీ మురిసిపోయేవాళ్లు. ఆ ఉయ్యాల అక్కడే ఉండిపోయింది. ఉయ్యాల చాలని వయసొచ్చాక జోతమ్మ నులక మంచం కూడా అక్కడికే చేరింది.

మూడో ఏట దగ్గు మొదలైంది. తులసి రసం, మిరియాల కషాయం, ఊళ్లో డాక్టరు ఇచ్చిన సిరప్పులు అన్నీ అయ్యాయి. నాలుగో ఏట పిల్ల పడుకుని ఊపిరి పీల్చలేక లేచి కూర్చునేది. గాలి మార్పు అయితే తగ్గుతుందని హుసేనయ్య తన ఊరికి తీసుకొచ్చాడు. అంజలీ రాజూ పనిలోనే ఉండిపోయారు. బస్సు దిగేసరికి పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఇంటికి పోకుండా ఆత్మకూరు ఆస్పత్రికే ఎత్తుకుపోయాడు.

డాక్టరమ్మ మధులత పాప ముక్కుకు గొట్టం పెట్టి మందు పొగ పట్టించింది. పిల్ల తేరుకున్నాక హుసేనయ్యను కూర్చోమంది. కట్టెల పొయ్యా, ఇంట్లో ఎవరన్నా బీడీలు తాగుతారా అని వరసగా అడిగింది.

"పొయ్యి బైటేనమ్మా. బీడీ నేను మానేసి శానా ఏళ్లాయె. పాపకు మేము ఏ లోటూ చెయ్యలా. పుట్టినప్పట్నుంచీ దీపం ముందరే పడుకోబెడతాండాము," అన్నాడు హుసేనయ్య. గర్వంగానే అన్నాడు.

"ఏం దీపం?"

చెప్పాడు. ఆరని మంట సంగతి, మొక్కు సంగతి, ఉయ్యాల సంగతి, దోమలు వాలని సంగతి. చెబుతుంటే డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. 

"ఏందమ్మా? తప్పా?"

"పెద్దాయనా, ఈ బిడ్డ నెల తక్కువలో పుట్టింది. ఊపిరితిత్తులు అప్పటికే బలంగా లేవు. దాన్ని తీసకపోయి రాత్రీ పగలూ ఆ పొగలో పెట్టినారు. అంతా ఆ మంట వల్లే అని నన్ను రాసియ్యమంటే రాసియ్యలేను. మా ఇంటి పిల్లయితే మాత్రం ఒక్క పూట కూడా ఆడ ఉంచను."

"దోమలుండవమ్మా ఆడ," అన్నాడు హుసేనయ్య మళ్లీ, వేరే మాట దొరక్క.

"దోమలే బతకలేని చోట బిడ్డను పెట్టినారా?" అనేసింది ఆవిడ. అన్నాక తానే నొచ్చుకుని గొంతు తగ్గించింది. "తెలిసి చేసినారా ఏంది. ఇప్పుడైనా మళ్లీ ఆడికి తీసకపోబాకండి. కడుపుతో ఉండేవాళ్లు కూడా ఆ గాలిలో ఉండకూడదు. కాన్పు ముందే రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఈ పీల్చే మందు దగ్గర పెట్టుకోండి."

బయటికి వచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. దణ్ణం పెట్టిన చేతుల్ని చూసుకున్నాడు. తన సంగతి తర్వాత, అంజలికి ఇది ఎట్లా చెప్పేది? ఆ ఉయ్యాల ముడి వేసిన చేతులు దానివి. ఈ మాట చెవినబడితే అది బతుకుతుందా? పొగ మంచిది కాదంట, పాప నా దగ్గరే ఉండనీ అని మాత్రం ఫోనులో చెప్పాడు. ఉయ్యాల మాట ఎత్తలేదు.

ఆ ఏడు చెరువు నిండింది. హుసేనయ్య మళ్లీ వల దులిపాడు. ఉదయగిరి కొండల మీద నుంచి వచ్చే గాలి గుడిసెలో ఈ తలుపున దూరి ఆ తలుపున పోయేది. జోతమ్మ మొదటి రోజుల్లో చీకటి పడితే బిక్కమొహం వేసేది.

"తాతా, మంట ఎప్పుడు ఎలిగిస్తారు?"

"ఈడ మంట ఉండదు తల్లీ."

"మీ ఊరికి మంట లేదా? పాపం," అంది ఆ పిల్ల జాలిగా.

హుసేనయ్య సున్నా బల్బు ఒకటి తెచ్చి పెట్టాడు. కొన్నాళ్లకు అదీ అక్కర్లేకపోయింది. నెలలు గడిచేకొద్దీ పిల్ల బుగ్గల్లో రంగు వచ్చింది. నడుము దాకా జడ ఎగరేసుకుంటూ కట్ట మీద మేకపిల్లల వెంట పరుగెత్తుతుంటే, ఆ పరుగు చూడ్డానికే వల ఒడ్డున పెట్టి కూర్చునేవాడు. పరుగెత్తి వచ్చి కూడా ఆయాసపడకుండా మాట్లాడేది. ఆ పిల్ల ఒక మాట పూర్తిగా ఒక్క ఊపిరిలో అనడం అతను మొదటిసారి విన్నది అక్కడే.

ఐదో ఏడు దగ్గర పడింది. అంజలీ రాజూ బిడ్డను తీసుకుపోవడానికి వచ్చారు. అంజలి మళ్లీ కడుపుతో ఉంది.

"మొక్కు తీర్చుకోవాల నాయనా. ఆ బాకీ ఉండబట్టే దీనికి ఆయాసం వచ్చింది. నాకు ఆడే తెలుసు."

"డాక్టరమ్మ వద్దనింది. ఆ పొగ దీనికి పడదంట."

"డాక్టరమ్మ ఇచ్చిందా నాకు బిడ్డను? ఎవురిచ్చినారో నీకు తెలీదా? కంచె కాడికి నన్ను తీసకపోయి మొక్కించింది నువ్వు గాదా?"

హుసేనయ్యకు తాను నేర్పిన మాటే ఎదురు నిలబడింది. రాజు గడపలో కూర్చుని నేల గీకుతున్నాడు, అటూ చెప్పలేక ఇటూ చెప్పలేక.

"ఒక్క పూట నాయనా. ఎంట్రుకలు ఇచ్చి ఎమ్మటే బస్సెక్కేద్దాం. మొక్కు తప్పితే, ఏదన్నా అయితే, నువ్వు ఊరుకుంటావా?"

హుసేనయ్య డాక్టరమ్మ మాట మరిచిపోలేదు. కానీ తన ప్రాణమే మొక్కు మీద నిలిచిందని విని పెరిగిన మనిషి. ఆ భయం ఎముకల్లో ఉంటుంది, ఆస్పత్రిలో ఒక పూట విన్న మాటతో పోతుందా? ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాడు. సరే అన్నాడు. పీల్చే మందు తువ్వాల్లో మూటగట్టుకుని తానూ బయలుదేరాడు.

ఆనాడు గాలి లేదు. ఆకు కదలని ఉక్కపోత. ఎప్పుడూ పైకి పోయే పొగ ఆ పొద్దు కిందికే దిగుతోంది, మంట కూడా నల్లగా కక్కుతోంది. పసుపు రాయి ముందు అంజలి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మంగలి నీళ్లు తడిపి గొరగడం మొదలుపెట్టాడు. జోతమ్మ మంటను చూసి మొదట నవ్వింది, చాన్నాళ్లకు చుట్టాన్ని చూసినట్టు. సగం గుండు అయ్యేసరికి దగ్గు వచ్చింది.

"అమ్మా, పోదాం."

"అయిపాయె బంగారూ. సగం గుండుతో లేస్తే తప్పు. కొంచేపు ఓర్చుకో."

హుసేనయ్య మందు పట్టించాడు. కొంచెం తెరిపిచ్చింది. అంతలో మళ్లీ. పెదాలు నీలి రంగుకు తిరిగేసరికి చాలు, ఇంక చాలు అని అరిచాడు. రాజు పిల్లను భుజాన వేసుకుని గట్టు వెంట పరుగెత్తాడు. ఆటో దొరికే రోడ్డు చాలా దూరం. ఆటో దొరికింది కూడా. ఆస్పత్రి గేటు కనబడుతుండగా జోతమ్మ తాత చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

గుండు మీద తడి కూడా ఆరలేదు. దేవుడనేవాడు ఎక్కడన్నా ఉంటే ఆ పూట ఎటు చూస్తున్నాడో అడగాలి. పిల్లను ఆ చేపల గుంట గట్టు మీదే పూడ్చిపెట్టారు.

అంజలిని రాజు తన ఊరికి, ఉదయగిరి కొండ కిందికి తీసుకుపోయాడు. ఆమె ఏడవలేదు. పెట్టింది తినేది, గోడకానుకుని కూర్చునేది. దినాలు అయ్యాక కొన్నాళ్లకు రాజు నుంచి ఫోను వచ్చింది.

"మామా, రేపు పొద్దన్నే ఆడికి పోదామని మూట గట్టింది. కాన్పు ఆ మంట ముందరే కావాలంటాండాది. సగం గుండుతో లేపినామని దీపానికి కోపం వచ్చిందంట, ఈ బిడ్డనైనా దాని కళ్ల ముందరే పెంచాలంట. నా మాట ఇనడంలా. నువ్వు రా మామా."

తెల్లారి మొదటి బస్సుకే ఆత్మకూరులో ఎక్కాడు హుసేనయ్య. దారి పొడుగునా కిటికీలోకి కొండగాలి కొడుతూనే ఉంది. చల్లటి గాలి, శుభ్రమైన గాలి. ఈ గాలి ఇంత ఉండగా నా బిడ్డకు కరువైందే అని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమైందయ్యా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఉదయగిరి బస్టాండులో అంజలి సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర మూట, పైన చిన్న పసుపు రంగు గౌను మడిచి పెట్టి ఉంది. కడుపు కొంచెం ఎత్తుగా తెలుస్తోంది. రాజు మామను చూసి లేచి దూరంగా పోయి నిలబడ్డాడు.

"పోబాకమ్మా," అన్నాడు హుసేనయ్య ఎదురుగా నేల మీదే కూర్చుంటూ.

"పాప ఒక్కటే ఉండాది నాయనా ఆడ."

"పోబాక. నా మాట ఇను. దీపం గీపం ఏమీ లేదు. అది మంట. చమురు మంట. దాని పొగే బిడ్డను తినింది. డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది, కడుపుతో ఉండేవాళ్లు కూడా ఆ గాలిలో ఉండకూడదని చెప్పింది. నెల తక్కువలో పుట్టింది కూడా అందుకే కావచ్చనింది. నేను నీకు అంతా చెప్పలా. చెప్పలేకపోయినా. పోతే ఈ బిడ్డ కూడా దక్కదు తల్లీ."

 సీతారామపురం బస్సు వచ్చి, జనాన్ని దించి, ఎక్కించుకుని పోయింది. అంజలి చూపు గౌను మీదే ఉంది.

"పొగ అయితే..." అంది మెల్లగా. "పొగే అయితే నాయనా, దాన్ని ఆ పొగలో పెట్టింది ఎవురు?"

హుసేనయ్య భయపడ్డ మాట అదే. ఆత్మకూరు ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డ పూట నుంచీ భయపడుతున్న మాట.

"నేను."

"ఉయ్యాల..."

"ఉయ్యాల నేనే కట్టినా."

అంజలి తలెత్తి తండ్రిని చూసింది. అలా చూసి ఎన్నాళ్లయిందో.

"నువ్వు ఆ పొద్దు ఆడ లేవు గదా నాయనా. అమ్మ తద్దినమని ఊరికి పొయినావు. నేను గదా దూలమెక్కి..."

"లేదు. నేను ఆడే ఉండా." అతని మాట తడబడలేదు. "దూలమెక్కింది నేను. చీర నువ్వు అందించినావు, అంతే. వద్దు నాయనా, మసి పడతాది అని కూడా అన్నావు. నేనే ఇన్లా. ముడి ఏసింది నేను. నీకు బాలింత మతిమరుపు, గుర్తులేదు."

గోదారి వైపు పోవాలంటే ముందు ఎక్కాల్సిన నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. రాజు మూట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఎత్తాలో వద్దో తెలియక. కండక్టరు రండి రండి అని కేకలు వేస్తున్నాడు. అంజలి తండ్రి చేతుల్ని తీసుకుని తిప్పి చూసింది, ముడి వేసిన గుర్తులు వాటి మీద ఉంటాయేమో అన్నట్టు. ఉన్నట్టుండి ఆ చేతుల్ని విసిరికొట్టి, రెండు పిడికిళ్లతో అతని రొమ్ము మీద గుద్దడం మొదలుపెట్టింది. బిడ్డ పోయినప్పటి నుంచీ రాని ఏడుపు బస్టాండంతా వినబడేలా వచ్చింది. జనం చుట్టూ మూగారు. ఎవరో పట్టుకోబోతే హుసేనయ్య వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టు తల్లీ, కొట్టు," అన్నాడు.

బస్సు కదిలి పోయింది. అలసిపోయి అంజలి తండ్రి భుజం మీద తల వాల్చింది. కొంతసేపటికి అతని చెవికి మాత్రమే వినబడేలా అంది.

"అవును నాయనా. నువ్వే కట్టినావు."

"ఆఁ," అన్నాడు హుసేనయ్య. "నేనే."